పేనినవాడి బరువు

నానబెట్టిన తాటినారను బండ మీద పరిచి జంగయ్య కొయ్యసుత్తితో కొడుతున్నాడు. గట్టిగా కొడితే నార తెగుతుంది, మెల్లగా కొడితే పీచు విడదు. ఆ రెంటికీ నడుమ దెబ్బ ఏదో ఆయన చేతికి తెలుసు గానీ, అడిగితే నోటితో చెప్పలేడు. ఇంటి మీదుగా ఒక విమానం దిగుతూ పోయింది. గోడకు ఆనించిన సత్తుగిన్నెలు గలగలమన్నాయి. కొత్వాల్‌గూడలో పిల్లలు కూడా విమానానికి తలెత్తడం ఎప్పుడో మానేశారు. జంగయ్య మాత్రం విమానం వచ్చినప్పుడల్లా సుత్తి ఆపి కూర్చునేవాడు. భక్తీ కాదు, భయమూ కాదు. ఆ మోతలో దెబ్బ చప్పుడు వినబడదు, వినబడని దెబ్బ ఆయన కొట్టడు. మోత శంషాబాద్ వైపు సాగిపోయాక సుత్తి మళ్లీ మొదలయ్యేది.

ఆయన పేనేది మోకులు. కల్లుగీసేవాడు చెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడే మోకు. కాళ్లు చెట్టుకు తన్ని, వెనక్కి ఒరిగి, రెండు చేతులూ వదిలేసి పైన గెల గీస్తున్నంతసేపు మనిషి ప్రాణం ఆ మోకు మీదనే ఉంటుంది. జంగయ్య కూడా ఒకప్పుడు ఎక్కినవాడే. చెట్టుకు రాసుకుని రాసుకుని ఆయన రొమ్ము మీద చర్మం నల్లగా, మొద్దుగా కాయ కట్టింది. మోకాళ్లు అరిగాక కింద కూర్చుని పేనడం పట్టాడు. విమానాలకు అడ్డమని పొడుగుచెట్లు కొన్ని కొట్టేశారు. పడుచువాళ్లు యూనిఫారాలు తొడుక్కుని ఎయిర్‌పోర్టులో బండ్లు నెట్టడానికి పోయారు. మిగిలిన నలుగురైదుగురు గీతగాళ్లకు మాత్రం ఇప్పటికీ జంగయ్య మోకే కావాలి. బజారులో దొరికే నైలాన్ తాడు ఎండకు జారుతుందని వాళ్ల భయం.

ఆ నమ్మకానికి ఒక కారణం ఉంది. పేనిన మోకు ఏదైనా సరే, ఎవరి నడుముకూ పోకముందు జంగయ్య తన ముంగిట్లో ఉన్న ఒంటి తాటిచెట్టుకు చుట్టి, తానే అందులో దూరి, మూరెడు ఎక్కి వెనక్కి ఒరిగి చూస్తాడు. ఆయన తండ్రి పెట్టిన ఆచారం అది. పేనినవాడి బరువు ఆపని మోకు ఇంకొకరి బరువు ఆపదని ముసలాయన అనేవాడు. మోకాళ్లు మొరాయిస్తున్నా, భార్య రుక్కమ్మ తిడుతున్నా, జంగయ్య ఆ ఆచారం తప్పలేదు. ఆ రోజు పొద్దున ఎడమ జబ్బ లాగుతోందని మాత్రం ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. దవాఖానకు పోదామని భార్య అంటే, నార ఎండిపోతుందన్నాడు.

ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు గీతగాడు కొండల్ పెళ్లాం సక్కుబాయి గోనెసంచి ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. ఆ ఇంటి మనుషులు ఈ గడపకు వచ్చి మూడేళ్లవుతోంది. ఎందుకు రావడం లేదో ఎవరూ అడగలేదు. జంగయ్య కొడుకు చందు పోయిన ఇంటికి అతని జోడీదారు కొండల్ రాలేకపోతున్నాడని ఊరు సర్దుకుంది.

"మామా, ఇది జర చూస్తవా?" అంది సక్కుబాయి సంచి దించుతూ. "మా ఆయన మోకు పాడైపోయింది. పొద్దుగాల ఎక్కిండంటే దిగేదాంక నా పానం నిలుస్తలేదు. ఇది మా అటుక మీద దొరికింది. ఒక్కకాడ ఎలుకలు కొరికినయ్ గని, కడమంత మంచిగనే ఉన్నది."

"కొండల్‌కు ఎరికేనా?"

"ఎరుక లేదు. మాపటికల్ల చేసిస్తే తెల్లారి చేతిల పెడ్త. ఖుష్ అయితడు."

ఆమె పోయాక జంగయ్య సంచిలోంచి మోకు తీశాడు. తీస్తుండగానే చేతులకు తెలిసిపోయింది. పురి తిరిగిన తీరు తనది. ఎలుకలు కొరికిన చోట నార విడిపోయి, లోపల ఎర్రటి గుడ్డపేలిక తెగి కనబడుతోంది.

కొడుకుకు మొదటి మోకు పేనేటప్పుడు తల్లి చీరలోంచి ఒక పేలిక చించి పురిలో కలుపుతారు. పైకి కనబడదు. చెట్టు మీద ఉన్నవాడికి తల్లి కొంగు నడుముకు చుట్టి ఉన్నట్టని ఒక నమ్మకం. రుక్కమ్మ తన ఎర్రచీర అంచు చించి ఇచ్చిన రోజు, కొత్తచీర పాడు చేశావని జంగయ్య వేళాకోళమాడితే, నా కొడుకు కన్నా చీరెక్కువనా అని ఆమె మూతి తిప్పింది. ఇది ఆ మోకు. చందుది.

చందు చనిపోయింది ఎయిర్‌పోర్టు తెరిచిన ఎండాకాలంలో. గీతగాళ్ల మోకులన్నీ రాత్రిపూట కల్లు అమ్మే మండువ గోడకు కొయ్యలకు వేలాడుతుండేవి. తెల్లవారుజామున ఎవరిది వాళ్లు తీసుకుని పోయేవాళ్లు. ఆ రోజు చందు నడుముకున్న మోకు చెట్టు కొస మీద తెగింది. తెగిన ముక్కలు చూసిన జంగయ్యకు అక్కడికక్కడే అర్థమైంది, అది తన కొడుకు మోకు కాదు. పనికిరాదు, పారెయ్యమని తాను ముందే చెప్పిన కొండల్ మోకు. చీకట్లో చందే పొరపాటున నాది తీసుకుపోయాడని కొండల్ శవం దగ్గర గుండెలు బాదుకున్నాడు. కావచ్చుననుకున్నాడు జంగయ్య. మరి చందు మోకు ఏమైందని అడిగే తెలివి ఆ ఏడుపులో ఎవరికీ లేకపోయింది. తరువాత జంగయ్యకు ఆ ప్రశ్న వచ్చింది గానీ, ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

ఆ జవాబు ఇప్పుడు గోనెసంచిలో ఇంటికి నడిచి వచ్చింది. చందు మోకు కొండల్ ఇంటి అటుక మీద ఉందంటే, ముందు చెయ్యి పెట్టింది కొండలే. తన పాత మోకుకు భయపడి, జోడీదారుది మంచిది తీసుకుపోయాడు. వెనకాల వచ్చిన చందుకు కొయ్య మీద మిగిలింది చావు.

జంగయ్య సన్యాసేమీ కాదు. చాయ్‌లో చక్కెర తక్కువైతే పూట పూటంతా అలిగే మనిషి. కొడుకు పోయిన కొత్తలో కోపం, దుఃఖం రెండూ చేతుల్లోకి దిగేవి. అప్పట్లో పేనిన ఒక మోకు, తాను ఒరిగి చూస్తుండగానే పురి విప్పుకుని ఆయన్ని కింద పడేసింది. దెబ్బ పెద్దది కాదు. కానీ అది ఇంకొకరి నడుముకు పోయి ఉంటే అన్న ఆలోచనకు ఆయన చాలా రోజులు నిద్రపోలేదు. ఆ మోకును తగలబెట్టి, అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాడు. కోపం వచ్చిందని తెలియగానే పని కింద పెట్టి, చేతులు కడుక్కుని, కూర్చుని దాన్ని పలకరించేవాడు. "వచ్చినవా. కూసో. నాకు చేతిల పనున్నది" అనేవాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని తరమలేం, అలాగని పొయ్యి అప్పజెప్పలేం కదా. అది పక్కన కూర్చునేది. కాసేపు గుండెలో రొద పెట్టేది. పొమ్మనకుండా, బతిమాలకుండా ఊపిరి పీలుస్తూ చూస్తుంటే, దానంతటదే లేచిపోయేది. మళ్లీ వచ్చేది. మళ్లీ కూర్చోమనేవాడు.

ఈ రోజు మోకు కింద పెట్టి తొట్టి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "వచ్చినవా" అన్నాడు. చుట్టం కూర్చోలేదు. ఇల్లంతా తిరిగింది.

తరువాత దానితోపాటు ఆయన మనసు కూడా తిరిగింది. కొరికిన చోట పైపైన కొత్త నార చుట్టి, నూనె రాసి, గట్టిగా నులిచి ఇస్తే ఎవరికీ తెలియదు. నాలుగు రోజులు ఆగుతుంది. అయిదో రోజో ఆరో రోజో చెట్టు కొస మీద, చేతులు వదిలిన క్షణంలో, మోకే కొండల్‌ను అడుగుతుంది. తాను అడగనక్కరలేదు. ఎలుకలు కొరికిన తాడని ఊరు మళ్లీ సర్దుకుంటుంది. అదంతా ఆయనకు కళ్ల ముందు జరుగుతున్నట్టే కనబడింది. కొండల్ అరుపు కూడా వినబడింది. విన్నందుకు కాసేపు హాయిగా ఉంది. హాయిగా ఉందని తనకు తాను ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక చూస్తే, ఆ అరుపు చందు అరుపులాగే ఉంది. జంగయ్య మొహం కండువాలో పెట్టుకుని ఏడ్చాడు.

రుక్కమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పట్టుకుని వచ్చేసరికి ఆయన మోకును ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఆమె పళ్లెం కింద పెట్టబోయి ఎర్రగుడ్డను చూసింది. తాను చించిన చీర అంచును గుర్తుపట్టడానికి ఏ ఆడదానికీ రెండోసారి చూడనక్కరలేదు. ఎవరు తెచ్చారని అడిగింది. ఆయన దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. రుక్కమ్మ గోడ పట్టుకుని కూలబడింది.

"పొయ్యిల పెట్టు" అంది చివరికి. తరువాత ఆమె కళ్లు మారాయి. "వద్దు. పైన నార చుట్టి అట్లనే ఇయ్యి."

జంగయ్య కొరికిన చోట విడిపోయిన నారను వేళ్లతో దగ్గరికి చేర్చాడు.

"నీకు పెయ్యి మండుతలేదా?"

"మండుతున్నది."

"మరి?"

"మండనియ్యి రుక్కమ్మా. చేతులకు అంటకుంట చూసుకుంటున్న."

నువ్వు రాయివి అంది రుక్కమ్మ. కన్నకొడుకు కన్నా తాడెక్కువైందా అని అడిగి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. రొట్టె మీద ఈగలు వాలాయి. భార్య అన్న మాటకు జంగయ్య నొచ్చుకున్నాడు. రాయే అయితే ఇంత బాధ ఎందుకని ఆమెను అడగాలనిపించింది గానీ, లోపల ఆమె ఏడుపు వినబడుతుంటే అడగలేకపోయాడు. ఆ ఏడుపు వింటూనే మోకును బండ మీద చాపాడు.

మేకకొమ్ము చేతిలోకి తీసుకున్నాడు. తండ్రి కాలం నాటిది, మొన అరిగి గాజులాగా నున్నబడింది. పురులు విడదీయడానికి దాన్ని మించింది లేదు. ఎలుకలు కొరికిన భాగం కోసి పక్కన పెట్టాడు. రెండు కొసలనూ మూరెడు చొప్పున విప్పాడు. కొమ్ముతో పాత పురి తెరిచి, కొత్త నార అందులోకి దూర్చి, కాలి బొటనవేలికి తగిలించి లాగాడు. మళ్లీ తెరిచాడు, మళ్లీ దూర్చాడు. మనసు కొండల్ దగ్గరికి పోయినప్పుడల్లా పురి వదులైంది. వదులైన ప్రతిసారీ విప్పి మొదటికి వచ్చాడు. ఈ మోకు ఎవరిదన్న మాట కాసేపు పక్కన పెట్టాడు. మోకుకు చందూ తెలియదు, కొండలూ తెలియదు. ఆపడం ఒక్కటే దానికి తెలుసు. ఆ ఆపడం సరిగ్గా ఉందో లేదో చూడడం తన పని. మధ్యాహ్నమంతా అట్లా విప్పుతూ పేనుతూ గడిచింది. ఇంకే పనికీ ఆయన అంతసేపు తీసుకుని ఉండడు. జబ్బ నొప్పి మెడదాకా పాకింది. తెగిన ఎర్రపేలిక దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. దాని జాగాలో కొత్తది కలపాలంటే రుక్కమ్మను అడగాలి. అడిగే మొహం లేక, అక్కడ ఉత్త నారే పేనాడు.

పొద్దు వాలుతుండగా కొండల్ వచ్చాడు. వచ్చాడనడం కన్నా ఉరికాడనాలి. చెప్పులు కూడా లేవు. పెళ్లాం సంబరంగా చెప్పిన మాట విని, ఉన్నవాడు ఉన్నట్టు హిమాయత్ సాగర్ గట్టు నుంచి పరుగెత్తుకొచ్చాడు. కంచె అవతలే నిలబడిపోయాడు.

"మామా, అది ఇయ్యి. నాకు మోకు అక్కర లేదు."

"ఐపోవచ్చింది. కూసో."

ఆ కూసో అన్న మాట జంగయ్య మూడేళ్లుగా ఎవరితో అంటున్నాడో కొండల్‌కు తెలియదు. లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. ముసలాయన ఆఖరి పురి బిగిస్తున్నాడు. ఆ వేళ్లను చూస్తూ కూర్చోవడం కన్నా తన్నులు తినడమే నయమనిపించింది కొండల్‌కు.

"నేనే తీస్కపోయిన మామా" అన్నాడు. "నా మోకు తోని ఎక్కాల్నంటే భయమైంది. రెండు చెట్లు ఎక్కి తెచ్చి పెడ్త అనుకున్న. చందు గంత జల్ది లేస్తడనుకోలే."

తలుపు సందులో రుక్కమ్మ నిలబడి ఉంది. విమానం ఒకటి వచ్చింది. జంగయ్య చెయ్యి ఆపి, మోత పోయేదాకా ఆగాడు. మళ్లీ పురి లాగి, కొమ్ము బండ మీద పెట్టాడు.

"నీ మీద కోపం పోలే కొండల్. పోతదని గూడ చెప్ప. గని అది నా కాడ ఉన్నది. మోకుల లేదు."

కొండల్ తల నేలకు ఆనించాడు. జంగయ్య అతన్ని లేవనెత్తలేదు, ఓదార్చలేదు. అంత మంచితనం తన దగ్గర లేదని ఆయనకు తెలుసు. మోకును భుజాన వేసుకుని ముంగిట్లోని తాటిచెట్టు దగ్గరికి కుంటుకుంటూ నడిచాడు. మామ మోకాళ్లు బాగాలేవని, తానే ఒరిగి చూస్తానన్నాడు కొండల్.

"పేనినోడే ముందు ఒరగాలె" అన్నాడు జంగయ్య.

మోకు చెట్టుకు చుట్టి, అందులో దూరి, కాళ్లకు తాడుబంధం వేసుకుని మూరెడు ఎక్కాడు. వెనక్కి ఒరిగాడు. మోకు చిన్నగా కిర్రుమని బిగిసింది. అతుకు ఆయన నడుము వెనక సరిగ్గా మధ్యన ఉంది, పాత నలుపు మీద తెల్లగా. జంగయ్య రెండు చేతులూ వదిలేశాడు. ఖాళీ అరచేతులు తెరిచి, తల వెనక్కి వాల్చి, చెట్టు కొస వైపు చూశాడు. కొడుకు ఆఖరిసారి చూసినవి అట్లాంటి మట్టలూ ఆ ఆకాశమూనే. ఊపిరి ఒకటి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. ఆయన దాన్ని చూస్తూ ఉన్నాడు. తరువాత మెల్లగా ముందుకు వంగి నుదురు చెట్టుకు ఆనించాడు.

ముసలాయన ఏడుస్తున్నాడనుకున్నాడు కొండల్. ఏడ్చే మనిషిని చూడడం మర్యాద కాదని మొహం తిప్పుకున్నాడు. ఇంకో విమానం దిగింది. సత్తుగిన్నెలు గలగలమని ఊరుకున్నాయి. మోత శంషాబాద్ వైపు పోయింది. మోత పోగానే కదలవలసిన చెయ్యి ఈసారి కదలలేదు.

గిన్నెలు ఊరుకున్నాక కూడా సద్దు లేకపోయేసరికి రుక్కమ్మ తలుపు తెరుచుకుని వచ్చింది. ఇగ దిగు అంది. ఇంకోసారి అంది. మూడోసారి అనలేదు. కాళ్లు బంధంలోనే ఉన్నాయి, మోకాళ్లు చెట్టుకు ఆని ఉన్నాయి, మోకు ఆయన్ని కింద పడనివ్వలేదు. కొండల్ ఆ బరువును భుజాల మీదికి ఎత్తుకుంటేగానీ ముడి విప్పడానికి రుక్కమ్మ వేళ్లకు సందు దొరకలేదు.

చావుకు ఊరంతా వచ్చింది. అందులో మనిషి పోయాడు కనుక ఆ మోకును కాల్చెయ్యాలని పెద్దవాళ్లన్నారు. రుక్కమ్మ వింది, కాల్చలేదు. జంగయ్య కోసి పక్కన పెట్టిన ముక్కను, అందులోని తెగిన ఎర్రపేలికను ఆమె బండ దగ్గర చూసింది. అతుకు పురిని వేళ్లతో విడదీసి, లోపల ఉత్త నార మాత్రమే ఉండడం కూడా చూసింది. తనను అడగలేక వదిలేశాడని అర్థమై, భర్తను రాయి అన్నందుకు కుమిలిపోయింది. నోటి నుంచి జారిన మాటను తిరిగి తీసుకోవడానికి ఇప్పుడు మనిషి లేడు.

మూడోనాడు పిట్టకు పిండం పెట్టి, చుట్టాలు పోయాక కొండల్‌కు కబురు పంపింది. అతను కంచె దగ్గర నిలబడ్డాడు. ఆమె మోకును తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టింది.

"నిన్ను చూస్తే నాకు ఇయ్యాల్ల గూడ పెయ్యి మండుతది" అంది. "ఆయన పేనిండు. తీస్కపో."

కొండల్ వంగి మోకు ఎత్తుకున్నాడు. అతుకు మీద అతని చెయ్యి ఆగింది. జంగయ్య నున్నగా పేనిన తెల్లటి నార నడుమ కొత్తగా ఎర్రటి పేలిక ఒకటి దూర్చి ఉంది. చేయి తిరిగిన పని కాదు. పేలిక వంకరటింకరగా పోయింది, ఒకచోట పైకి కూడా తేలింది. అయినా రెండు కొసలూ గట్టిగానే లోపలికి పోయాయి. అతను ఏదో అనబోయాడు. రుక్కమ్మ అప్పటికే ఇంటి వైపు తిరిగింది.

కొండల్ పోలేదు. మోకును ముంగిట్లోని తాటిచెట్టుకు చుట్టి, అందులో దూరి, మూరెడు ఎక్కి వెనక్కి ఒరిగాడు. చేతులు వదలడానికి చాలాసేపు పట్టింది. వదిలాడు. మోకు ఆపింది. తరువాత దిగి, దాన్ని భుజాన వేసుకుని తన చెట్ల వైపు నడిచాడు.

రుక్కమ్మ గడపలో కూర్చుని అతను కనుమరుగయ్యేదాకా చూసింది. కొట్టేవాళ్లు లేక బండ మీద నార ఎండి బిరుసెక్కింది. దాని పక్కనే మేకకొమ్ము ఉంది, మొనకు ఎర్రటి నూలుపోగు ఒకటి చుట్టుకుని.